జేగంట, చేగంట, గగ్గెర: తెలుగున ఘంటావాద్యముల పేర్లు, క్రియలు

గంట వాద్యమా, సంకేతమా? ఈ ప్రశ్నకు శాస్త్రగ్రంథములకంటె ముందుగా తెలుగువాని నోటనుండి వెలువడు క్రియాపదమే సమాధానము చెప్పుచున్నది. బడిగంటను కొట్టుదురు. రైలు స్టేషనులోని గంటను కొట్టుదురు. గడియారము పన్నెండు కొట్టును. కాని హారతివేళ అర్చకుడు చేతిగంటను వాయించును. హరిదాసు చిడతలు వాయించును. దాసరి జేగంట వాయించును. “బడిగంట వాయించిరి” అన్నచో విన్నవాడు నవ్వును. రెండు చోట్లను ఉన్నది కంచో ఇనుమో ఐన లోహఖండమే. దానిపై పడునది దెబ్బయే. ఐనను ఒకచో కొట్టుటయు, వేఱొకచో వాయించుటయు అగుచున్నది. ఈ భేదమును గూర్చి నిఘంటువులు మౌనము వహించుటచే, దానిని భాషలోనుండియే తీయవలసియున్నది.

ఈ విచారమునకు పశ్చిమ బెంగాలులోని ఖరగ్‌పూరు రైల్వేపట్టణమును, దాని చెంతనున్న సాలువాను ఆశ్రయించుటకు కారణము కలదు. 1887లో ఏర్పడిన బెంగాలు–నాగపూరు రైల్వే ఖరగ్‌పూరును కూడలిగా చేసికొని అచ్చట పెద్ద కర్మశాలను నెలకొల్పిన పిదప, శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము ప్రాంతములనుండి తెలుగువారు పనికై పోయి అచ్చటనే స్థిరపడిరి. ఆ రైల్వే కార్మికులలో వారి స్థానమెట్టిదో, 1928 నాటి సమ్మెను వరాహగిరి వేంకటగిరి నడపుటనుబట్టి ఊహింపవచ్చును. సాలువా యన్ననో ఈస్టరన్ ఫ్రాంటియరు రైఫిల్సు దళమునకు కేంద్రస్థానము. ఆ దళమున గూర్ఖాలు హెచ్చుగా నుండుటచే అచ్చట నేపాలీ వినబడును. చుట్టును బెంగాలీ, సంతాలీ, కర్మశాలలో హిందీ, ఇంట తెలుగు. ఇన్ని భాషలవారును గంట నెఱుగుదురు. బెంగాలీ గృహములలో సంధ్యారతికి కాఁసరును ఘంటయు జంటగా మ్రోగును. బౌద్ధాచారము గల నేపాలీ కుటుంబములలో వజ్రముతో జతగా పట్టు ఘంట వేఱుగా నుండును. తెలుగువారి దేవునిగూటిలో చిన్న చేతిగంట యుండును. వస్తువు లించుమించుగా నొక్కటియే, మాటలే వేఱు.

ఈ భాషాసంపర్కమున నష్టపడునది నామవాచకముకంటె క్రియయే. బెంగాలీలో బడిగంటకును పూజాగంటకును “బాజానో” అను నొక్క క్రియయే చెల్లును. హిందీలో “బజానా” అట్టిదే. ఇంగ్లీషులో రింగు అను నొక్క మాట ఇంటి తలుపు మొదలు దేవాలయ గోపురము వఱకు సరిపోవుచున్నది. దక్షిణ భాషలలో స్థితి ఇట్లు లేదు. తమిళమున “మణి అడి” అనునప్పుడు కొట్టుటయే ప్రధానము. కన్నడమున “హొడె”, “బారిసు” అను రెండును గలవు. తెలుగులో కొట్టు, వాయించు అనువానికి నడుమ గీత మిక్కిలి స్పష్టముగా పడినది. మ్రోగించు అనునది ఎటునైనను ఒదుగు మధ్యస్థము. ఇంట తెలుగును, వెలుపల బాజానో–బజానాలను వాడుచు పెరుగు బాలునికి ఈ గీత చెరగిపోవుట సహజము. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాలు మంత్రివర్గము తెలుగునకు అధికారభాషా ప్రతిపత్తి నొసగుటకు నిర్ణయించినది. భాషకు ప్రతిపత్తి ప్రభుత్వనిర్ణయముచే లభించును; క్రియాభేదము నిలుచుటకు మాత్రము వాడుక తప్ప వేఱు సాధనము లేదు.

గుడిలోని వాడుకను కొంచెము నిలిచి చూడదగును. ముఖమండపమున వ్రేలాడు పెద్ద గంటను లోనికి పోవు భక్తుడు “కొట్టును”. గర్భగృహమున అర్చకుడు చేతిగంటను “వాయించును”. ఒకే ఆలయమున, ఒకే క్షణమున, ఒకే లోహముతో చేసిన రెండు వస్తువులపై రెండు క్రియలు పనిచేయుచున్నవి. భక్తుని గంట తన రాకను తెలుపుచున్నది. ఒక దెబ్బతో దాని పని తీరినది. అర్చకుని గంట హారతి మొదలైనది మొదలు ముగియు వఱకు ఒక నడకతో సాగుచున్నది. కావున వాయించుట యనగా శబ్దమును పుట్టించుట మాత్రము కాదు, శబ్దమును కొంతకాలము ఒక క్రమమున నడపుట యని తెలుగు వాడుక సూచించుచున్నది. ఈ కాలక్రమ భావమే మున్ముందు శాస్త్రమునను కానవచ్చును.

భరతముని నాట్యశాస్త్రమున వాద్యములను తత, అవనద్ధ, ఘన, సుషిరములని నాలుగు తెగలుగా విభజించినాడు. ఘనమనగా గట్టి లోహముతో చేసినది. దానికి తాళముతోడి సంబంధము అప్పటినుండియే యున్నది. పదుమూడవ శతాబ్దిలో దేవగిరి యాదవుల ఆశ్రయమున శార్ఙ్గదేవుడు రచించిన సంగీతరత్నాకరమున ఆఱవదియగు వాద్యాధ్యాయమున ఘనవాద్యములు ఎనిమిది చెప్పబడినవి: తాళము, కాంస్యతాళము, ఘంట, క్షుద్రఘంటిక, జయఘంట, కమ్ర, శుక్తి, పట్టము. ఎనిమిదింట మూడు గంటలే యగుట గమనింపదగినది. నోరు తెఱచుకొని లోపల నాలుక గలది ఘంట. కాలికిని నడుమునకును కట్టు గుండ్రని చిఱుగంటలు క్షుద్రఘంటికలు. నాలుక లేక, పళ్లెమువలె చదునై, బయటనుండి కోణముతో వాయింపబడునది జయఘంట. ఈ గ్రంథమునకు సుధాకరమను వ్యాఖ్య రచించిన సింహభూపాలుడు రాచకొండ నేలిన రేచర్ల ప్రభువని ప్రసిద్ధి. ఆ విధముగా ఈ విభాగము పదునాల్గవ శతాబ్ది నాటికే తెలుగు విద్వద్గోష్ఠిలో తెలిసిన విషయము.

ఇక తెలుగు మాటలు. చేగంట, జేగంట అను రెండును వినుటకు దగ్గఱగా నున్నవి. రెండును చేతబట్టునవే. అందుచే జేగంట యనునది చేగంటకు ఉచ్చారణభేద మాత్రమని తోచుట కవకాశము కలదు. కాని ఇది నిలువదు. “చే” ఆదియందుగల సమాసములు తెలుగున అనేకములు: చేవ్రాలు, చేబదులు, చేకఱ్ఱ, చేరుమాలు. వీనిలో ఒక్కటియు జేవ్రాలు, జేబదులు అని మాఱలేదు. పదాదిని చకారము జకారమగుట కిచ్చట హేతువు లేదు. మఱి జయ శబ్దము జే యగుటకు సాక్ష్యము ప్రతి తెలుగింటను గలదు: “జయజయ” యనునదియే “జేజే” యైనది, పిల్లలకు దేవుని చూపి “జేజి” యనుటయు దానినుండియే. కావున జయఘంట జేగంట యగుట సుకరము. కన్నడమున జాగటె, తమిళమున సేగండి అను రూపములును ఈ చదునైన గంటకే వాడబడుచున్నవి. చేగంట ఆకారమునుబట్టి ఘంటయు, జేగంట జయఘంటయు అగుచున్నవి. ఒకదానికి నాలుక లోపల, మఱియొకదానికి నాలుక వాదకుని కుడిచేతిలో.

దీనికి జయ యను విశేషణ మేల వచ్చినది? కంచునకు మన సాహిత్య సంప్రదాయమున రెండు ముఖములు గలవు. కంచు మ్రోతను అల్పుని మాటతో పోల్చిన వేమన పద్యము తెలుగు బాలురందఱకు కంఠస్థమే. ఐనను మంచి వక్తను మెచ్చవలసివచ్చినప్పుడు అతనిది కంచుకంఠ మనియే అందురు. విజయనగర ప్రౌఢదేవరాయల యాస్థానమున శ్రీనాథుడు గౌడడిండిమభట్టు కంచుఢక్కను పగులగొట్టించిన కథ సుప్రసిద్ధము. అచ్చట కంచు విజయచిహ్నము, దానిని పగులగొట్టుట పరాజయప్రకటనము. జయఘంటలోని జయమును ఈ సరణిలో అర్థము చేసికొనవచ్చును. పేరునకు జయము వచ్చినది యుద్ధభూమినుండియో గుడి ముంగిటినుండియో యను చర్చకంటె, తెలుగువారిచేతిలో ఈ గంట చివరకు భిక్షకుని సొత్తుగా మిగిలినదనుట ముఖ్యము. గరుడకంబము, శంఖము, జేగంట—ఇవి వైష్ణవదాసరి గుఱుతులు. శైవజంగము చేతనుండునది జేగంట కాదు, నాలుకగల చేగంట. వీధిలో దూరమునుండియే శబ్దమునుబట్టి వచ్చువాడు దాసరియా జంగమా యని ఇల్లాలు గుర్తించుట వెనుకటి పల్లెలలో సామాన్య విషయము. ఆమెకు సంగీతరత్నాకరముతో పనిలేదు. శార్ఙ్గదేవుడు చేసిన విభాగమును ఆమె చెవి చేసినది.

వైష్ణవ సంప్రదాయమున గంటకు వేఱొక గౌరవమును గలదు. 1268లో జన్మించినట్లు చెప్పబడు వేదాంతదేశికుని తిరుమల స్వామివారి ఘంట అవతారముగా భక్తులు భావింతురు. అన్నమాచార్యుని నందకాంశజునిగా భావించుటయు ఇట్టిదే. కత్తి పదకర్తగాను, గంట దార్శనికునిగాను జన్మించుట పురాణకల్పనయే యైనను, గంట నాదమునకు వాక్కుతో సమానత్వము నిచ్చిన కల్పన యది.

క్షుద్రఘంటికల కథ ఇంతకంటె విస్తృతము. మువ్వ, గజ్జె, అందె, చిఱుగంట, గగ్గెర అని తెలుగున వీనికి పేర్లు పెక్కు. గజ్జెకు కన్నడమున గెజ్జె కలదు. గగ్గెర మాత్రము ఇప్పుడు నిఘంటువులలోను ప్రాచీనకావ్యములలోను మిగిలిన మాట. ఇది సంస్కృత ఘర్ఘర శబ్దమునకు వికృతి. రేఫలోపమును ద్విత్వమును ధర్మము ధమ్మమైనట్లే జరిగినవి. ఒత్తులు పోయి గగ్గర, తుదకు గగ్గెర. తులునాటి భూతారాధనలో నర్తకుడు కాలికి ధరించు కడియమునకు నేటికిని గగ్గర యనియే పేరు. తెలుగున చచ్చిన మాట తుళువున బ్రదికియున్నది.

ఈ ఘర్ఘరము పేరిణి నృత్తమున ఒక అంగము. కాకతీయ గణపతిదేవుని గజసాహిణియగు జాయప 1253–54 ప్రాంతమున రచించిన నృత్తరత్నావళిలో పేరిణికి తగిన స్థానము నిచ్చినాడు. ఈ గ్రంథము వి. రాఘవన్ పరిష్కరణమున 1965లో మదరాసునుండి వెలువడినది. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ దానిని తెలుగు చేసినారు. పేరిణి అంగములు ఐదింట ఘర్ఘర మొకటి. కాళ్లకు గట్టిన చిఱుగంటలను పాదవిన్యాసముచే పలుతీరుల పలికించు నైపుణ్యమే ఇచ్చట ఘర్ఘరము. ఇది ఎంత సూక్ష్మవిషయమో చెప్పనవసరము లేదు. మువ్వలోపలి గుండు నర్తకుని చేతిలో లేదు. అతడు దానిని నేరుగా తాకలేడు. మడమను, పాదాగ్రమును, మోకాలిని అదుపుచేసి, శరీరమంతటితో ఆ గుండును ఆడింపవలెను. మ్రోయించుట ఎంత విద్యయో మ్రోయకుండ నడచుటయు అంత విద్య. శాస్త్రకారులు కంఠమునకు స్థాయిభేదములు చెప్పినంత శ్రద్ధతో కాలిగజ్జెకు భేదములు చెప్పిరనిన, వారు దానిని ఆభరణముగా గాక వాద్యముగా గ్రహించిరనుట స్పష్టము. తెలుగువాడుకయు దీనిని బలపఱచుచున్నది: నాట్యారంభమున జరుగునది గజ్జెపూజ, నాట్యమున దిగుటయే గజ్జెకట్టుట. వీణవాని వీణకు, మార్దంగికుని మృదంగమునకు ఎట్టి పూజయో గజ్జెకును అట్టి పూజయే.

ఉత్తరాంధ్ర పల్లెలలోని తప్పెటగుళ్లవారు గజ్జెలను ఇంకను స్పష్టముగా వాద్యము చేసిరి. ఱొమ్మున తప్పెట, కాళ్లకు గజ్జెలు, నడుమునకు మువ్వలు. చేయి తప్పెటపై ఒక నడకను, కాలు గజ్జెలతో వేఱొక నడకను నడపును. రెండును కలియుచోట అడుగు పడును. బుఱ్ఱకథలో ప్రధానకథకుడు తంబుర పట్టిన చేతి వ్రేలికే గుండ్లుగల అందెలను తొడిగి పలికించును. శ్రీకాకుళము మండలమున బుడితి కంచరుల పనితనము ప్రసిద్ధము. ఆ ఊరి కంచు, ఇత్తడి పనికి భౌగోళిక గుర్తింపును లభించినది. ఖరగ్‌పూరునకు పోయిన తెలుగువారి పూర్వులు ఈ గజ్జెల ప్రాంతమువారు, ఈ కంచరుల ప్రాంతమువారు. కర్మశాలలో ఇనుముతో పనిచేయుటకు పోయినవారికి లోహనాదము క్రొత్త కాదు.

ఇంతవఱకు చెప్పినదానిలో స్వరప్రస్తావన రాలేదు. తెలుగువారి గంట కాలమును నడపినది, రాగమును పాడలేదు. ఐరోపాలో మఱియొకటి జరిగినది. ఇంగ్లండున పదునేడవ శతాబ్దిలో గోపురపు గంటలను వరుస మార్చి మార్చి మ్రోగించు విద్య వృద్ధినొందినది. 1668లో టింటినాలోజియా, 1677లో ఫేబియన్ స్టెడ్మన్ కాంపనాలోజియా అను గ్రంథములు ఈ విషయముననే వెలువడినవి. ఆ విద్యలో రాగము లేదు, వరుసల మార్పే కలదు. ఏడు గంటలకు ఒక వరుస రెండవసారి రాకుండ 5040 వరుసలు సాధ్యము. మన ఛందశ్శాస్త్రములోని ప్రస్తార మెఱిగినవారికి ఇది వెంటనే అవగతమగును. గోపురమెక్కి గంటల త్రాళ్లు లాగుచు అభ్యసించుట కష్టము, ఊరివారికి చెవిపోటు. అందుచే శ్రుతిచేసిన చేతిగంటలతో ఇంటిలో అభ్యసించుట మొదలైనది. విల్ట్‌షైరులోని ఆల్డ్‌బోర్నున కార్ సోదరులు పదునేడవ శతాబ్ది చివరను, తరువాతి శతాబ్ది మొదటను ఇట్టి గంటలను పోతపోసిరి. క్రమముగా అభ్యాససాధనము స్వతంత్ర వాద్యబృందమైనది. బృందమున ఒక్కొక్కనికి ఒకటి రెండు స్వరములే. పాట యెవ్వనిచేతను లేదు, అందఱి నడుమ నున్నది. 1902లో మార్గరెట్ షర్‌క్లిఫ్ ఈ గంటలను బోస్టను నగరమునకు కొనిపోయినది. 1954లో అమెరికాలో ఈ వాదకులకు సంఘ మేర్పడినది.

పూజాగంటకును ఈ గంటకును భేదము నాలుకలో నున్నది. పూజాగంట నాలుక స్వేచ్ఛగా వ్రేలాడును. ఊపినంతసేపు అన్ని ప్రక్కలను తాకుచు గణగణ మనును. ఇంగ్లీషు చేతిగంట నాలుక ఒక్క తలమున మాత్రమే కదలునట్లు బిగింపబడి, సన్నని కమానులచే గోడకు దూరముగా నిలుపబడును. ఒక్క ఊపునకు ఒక్కటే దెబ్బ. ఒకటి గణగణలకు, మఱియొకటి ఏకైకస్వరమునకు నిర్మితము. శ్రుతిలోను సూక్ష్మభేదము కలదు. గోపురపు గంటలో మూలస్వరముతోపాటు కోమలగాంధారము వంటి ఉపస్వరమొకటి గట్టిగా వినబడును. చెవికి అది దిగులుగా తోచును. చేతిగంటలో మూలముమీద పండ్రెండవ మెట్టు, అనగా పైస్థాయి పంచమము, ప్రధానమగునట్లు చెక్కుదురు. రెంటికిని లోహమొక్కటియే, సుమారు నూటికి 78 పాళ్లు రాగి, 22 పాళ్లు తగరము. మన కంచును అదియే.

స్వరగంటల భావన తూర్పుదేశములకు తెలియనిది కాదు. చైనాలో క్రీ.పూ. 433 ప్రాంతమున సమాధి చేయబడిన జెంగ్ ప్రభువు ఈ యొక్క గంటలు 1978లో హూబే రాష్ట్రమున బయల్పడినవి. 65 గంటలు, ఒక్కొక్కదానికి తాకు చోటునుబట్టి రెండేసి స్వరములు. పోతపనియందు ఏమాత్రము తీసిపోని మన కంచరు లట్టి స్వరమాలను చేయకుండుట అశక్తతచే నని చెప్పుట సాహసము. కారణము మన రాగస్వభావమున నున్నది. రాగమునకు ప్రాణము గమకము. స్వరము స్వరమునకు జారవలెను, కంపింపవలెను. గంట స్వరమును ఒక్కసారి పుట్టించి విడిచిపెట్టును. పుట్టినపిదప వాదకుడు దానిని వంపలేడు. హార్మోనియమునందు ఈ దోషమునే యెంచి ఆకాశవాణి 1940లో దానిని నిషేధించి 1971 వఱకు ఆ నిర్బంధమును సడలింపలేదు. హార్మోనియము విషయమున అంత పట్టుదల చూపిన సంప్రదాయము గంటల వరుసతో రాగము పాడుమనునా? జలతరంగము నంగీకరించుటకును నీటిని తాకి స్వరమును కొంతవఱకు కదలింపగలుగుట యొక కారణము. కావున మన సంగీతమున గంటకు మిగిలినది కాలము. అది శేషము కాదు, స్వధర్మము.

ఆ కాలసంబంధము సంగీతమును దాటి లోకవ్యవహారమున ప్రవేశించినది. అఱువది నిమిషముల కాలమునకు తెలుగున గంట యనియే పేరు. కన్నడమున గంటె, బెంగాలీలో ఘంటా, హిందీలో ఘంటా. తమిళము తన మాటను విడువక మణి యనునదియు ఈ రెండర్థములను మోయుచున్నది. ఇన్ని భాషలు ఒక్కమారు ఈ అర్థవిస్తరణ పొందుట ఆ భాషలన్నిటి వెనుక ఒక్కటే ఆచారముండుటచే. నీటిగిన్నె మునిగిన ప్రతిసారి జేగంటవంటి కంచుపళ్లెముపై దెబ్బకొట్టి ఘటికను చాటుట ఈ దేశమున ప్రాచీనాచారము. బాబరు తన స్వీయచరిత్రలో హిందుస్థానపు ఈ ఘడియాలులను వర్ణించినాడు. ఘటిక గడియయై, గడియారమను మాటలో నిలిచినది. పాశ్చాత్యుల హోరను కొలుచుటకు గంట అను మాట వచ్చినది. కాలమును “కొట్టు” గంట ఇదియే.

రైలు స్టేషనులు ఈ ఆచారమునకు చిట్టచివరి ఆశ్రయములు. చాలకాలము మన స్టేషనులలో రైలుపట్టా ముక్కనొకదానిని వ్రేలాడగట్టి, ఇనుప కడ్డీతో కొట్టి బండి రాకను తెలిపెడివారు. పల్లెటూరి బడులకును ఆ పట్టాముక్కయే గంట యైనది. నాలుక లేదు, చదునైన లోహము, బయటి దెబ్బ. నిర్మాణమునుబట్టి ఇది జేగంటయే. శార్ఙ్గదేవుని పట్టికలో తుదిపేరు పట్టమగుట కేవలము యాదృచ్ఛికమే యైనను చమత్కారముగా నున్నది. ఐనను ఈ పట్టాముక్కను ఏ తెలుగువాడును జేగంట యనలేదు. “వాయించు” అను క్రియను దానికి జోడింపలేదు. ఆకారము జేగంటదే యైనను పని సంకేతము. దీనినిబట్టి తెలుగున పేరును క్రియయు వస్తువు రూపమునుబట్టిగాక వినియోగమునుబట్టి నిర్ణయమగుచున్నవని తేలుచున్నది.

ఇచ్చట ఘంటాపథ శబ్దమును విడువరాదు. సంస్కృతమున ఘంటాపథ మనగా రాజమార్గము. మెడలకు గంటలు గట్టిన ఏనుగులు నడచు వెడల్పు త్రోవ. కొలచెల మల్లినాథసూరి భారవి కిరాతార్జునీయమునకు తాను రచించిన వ్యాఖ్యకు ఈ పేరే పెట్టినాడు. కఠినకావ్యమున పాఠకునికి వెడల్పు బాట వేయుట అతని యుద్దేశము. కాని తెలుగున “ఘంటాపథముగా చెప్పు” అనగా సందేహమునకు తావులేకుండ గట్టిగా చెప్పుట. త్రోవ జాఱిపోయినది, గంట మిగిలినది. మల్లినాథుడు తెలుగు ప్రాంతమువాడే యగుటచే అతని గ్రంథనామమే ఈ పలుకుబడికి మూలమని ఊహింపబుద్ధి పుట్టును. కాని అర్థమార్గము వేఱు. తెలుగు చెవికి పథముకంటె గంటయే ముందు వినబడినది, అంతియే.

పై విచారమునుబట్టి నిఘంటువులలో కొన్ని సవరణలు అవసరమగుచున్నవి. బ్రౌను 1852 నిఘంటువు మొదలు, 1885 నాటి శబ్దరత్నాకరమును దాటి, సూర్యరాయాంధ్ర నిఘంటువు వఱకు వస్తువుల పేర్లకు అర్థములు గలవు. ఏ గంటకు ఏ క్రియ చెల్లునో తెలుపు ప్రయోగసూచన అరుదు. భద్రిరాజు కృష్ణమూర్తి ఆధ్వర్యమున 1962లో వెలువడిన వ్యవసాయ పదకోశము, 1971 నాటి చేనేత పదకోశము వృత్తిపదములను మండలముల వారిగా సేకరించు పద్ధతిని చూపినవి. కంచరులు, దాసరులు, జంగములు, తప్పెటగుళ్లవారు—వీరి పదజాలమును ఆ పద్ధతిననే క్రియలతో సహా సేకరించుట సాధ్యము. సేకరణకు ఆంధ్రదేశముతోపాటు ఖరగ్‌పూరు, సాలువాలును చేర్పవలెను. రాష్ట్రము దాటిన భాష మూలప్రాంతమున పోయిన రూపములను కొన్నిటిని నిలుపుకొనుటయు, పొరుగుభాషలనుండి కొన్నిటిని పుచ్చుకొనుటయు కద్దు. కాఁసరును కంచును ఒకే కాంస్యమునకు చుట్టములు. కంచమును ఆ కుటుంబములోనిదే. ఇట్టి జంటపదములు ఒకే వీధిలో వినబడు చోటు పరిశోధకునికి పుస్తకాలయముతో సమానము.

ప్రశ్నించునప్పుడు మాటను చెప్పి అర్థము నడుగరాదు. వస్తువును చూపి, లేక దాని నాదమును వినిపించి, “ఇదేమి చేసినారు?” అని అడుగవలెను. మొదట బడిగంట, పిదప పూజాగంట, ఆపై జేగంట, చివర గజ్జె—ఈ క్రమమున అడిగినచో కొట్టు అనునది ఎచ్చట ముగిసి వాయించు ఎచ్చట మొదలగునో బయటపడును. అరువుమాటలతోను ఈ పరీక్ష చేయవచ్చును. ఆంధ్రదేశమున ఇంగ్లీషు మాట చొచ్చినపిదపను “బెల్లు కొట్టినారు” అందురే గాని “బెల్లు వాయించినారు” అనరు. మాట పరాయిదైనను క్రియ ఇంటిదే. సాలువాలో మూడవతరపు తెలుగు బాలుడు ఇంటి దేవునిగూటి ముందు తాతగారి చేతిగంటకు ఏ క్రియను వాడునో, అదే బాలుడు బడిలోని గంటకు ఏ క్రియను వాడునో, రెండు ఉత్తరములను ఒకే పుటమీద ప్రక్కప్రక్కన వ్రాసికొనవలెను.